ఆర్‌వీ-7కి కౌల్ ఫ్లాప్‌లు: 430 గంటల తర్వాత నిలిచినవి, మార్చాల్సి వచ్చినవి

విమానం వాన్స్ ఆర్‌వీ-7, అంటే కిట్ కొని సొంతంగా కట్టుకునే రెండు సీట్ల చిన్న విమానం. ఇంజిన్ లైకమింగ్ ఐఓ-360-ఎం1బీ, 180 హార్స్‌పవర్. కింది కౌల్‌లో (ఇంజిన్‌ని కప్పే తొడుగులో) రెండు ఫ్లాప్‌లు (తెరిచి మూసే చిన్న తలుపులు) పెట్టి నాలుగు వేసవులు, 430 గంటలు గడిచాయి. విమానం ఉండేది ఉత్తర టెక్సాస్‌లో. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఎండ మండిపోతుంది. ముందుగా తేల్చి చెప్పేస్తాను: కౌల్ ఫ్లాప్‌లు పెట్టుకోవచ్చు, ఫలితం ఉంటుంది. అయితే ఫ్లాప్‌ని కదిపే మోటారును మాత్రం కౌల్ లోపల పెట్టకండి. మొదటి 70 గంటలు దానితోనే సరిపోయింది. దాన్ని పీకేసి చేత్తో లాగే కేబుల్ పెట్టాక 360 గంటలుగా ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఫ్లాప్ దేనికో తెలియాలంటే కౌల్‌లో గాలి నడిచే దారి తెలియాలి. స్పిన్నర్‌కి (ప్రొపెల్లర్ మధ్యలోని మొనదేలిన టోపీకి) అటూ ఇటూ ఉన్న రెండు రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది. సిలిండర్ల పైభాగంలో ఆగి ఒత్తిడి పెంచుకుంటుంది. అక్కడి నుంచి ఫిన్‌ల (సిలిండర్ చుట్టూ ఉండే పలచటి రెక్కల) సందుల్లోంచి కిందికి దిగి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) అడుగున ఉన్న దారిలోంచి బయటికి పోతుంది. ఇంజిన్‌ని చల్లబరిచేది పై ఒత్తిడికీ కింది ఒత్తిడికీ ఉన్న తేడా. ఎదురు కిటికీ మూసి ఉన్న గదిలోకి ఎంత గాలి కొట్టినా గదిలో గాలి ఆడదు కదా, ఇదీ అంతే. క్లైంబ్‌లో (పైకి ఎక్కేటప్పుడు) వేగం తక్కువ, పవర్ పూర్తిగా ఉంటుంది, కాబట్టి బయటికి పోయే దారి పెద్దది కావాలి. క్రూజ్‌లో (ఒకే ఎత్తులో సాగేటప్పుడు) అదే దారి అవసరానికి మించి పెద్దదై డ్రాగ్ (గాలి నిరోధం) పెంచుతుంది. సెస్నా 182లో పైలట్ చేతికి అందే కౌల్ ఫ్లాప్ లివర్ పెట్టింది ఇందుకే. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ పొట్ట కింద రేడియేటర్ వెనక తెరుచుకునే తలుపు పని కూడా ఇదే.

లైకమింగ్ ఈ ఇంజిన్ సిలిండర్ హెడ్‌కి పెట్టిన గరిష్ఠ పరిమితి 500 డిగ్రీల ఫారన్‌హీట్. కానీ ఇంజిన్ ఎక్కువకాలం మన్నాలంటే గట్టి క్రూజ్‌లో 435 లోపు, పొదుపు క్రూజ్‌లో 400 లోపు ఉంచమని ఆ కంపెనీయే చెబుతుంది. అల్యూమినియం హెడ్ 400 దాటినకొద్దీ బలం కోల్పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్‌లు అరిగేదీ అక్కడే. ఫ్లాప్‌లు లేనప్పుడు నేల మీద 95 డిగ్రీల ఫారన్‌హీట్ (35 సెల్సియస్) ఉన్న రోజున 110 నాట్ల మీద 6,000 అడుగులకి ఎక్కితే 3వ సిలిండర్ 428కి చేరేది. పరిమితి దాటలేదు కాబట్టి ఫర్వాలేదని ఊరుకోవచ్చు, కానీ ప్రతి వేసవి ప్రతి టేకాఫ్‌కీ అదే వేడి అంటే హెడ్‌కి మంచిది కాదు.

కోత కొయ్యకముందు ఇవి చూడండి

ఫ్లాప్ కొనే ఆలోచన ఉన్నవాళ్లలో సగం మందికి కావాల్సింది బాఫిల్ (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు గోడ) మరమ్మతు అని నా గట్టి అభిప్రాయం. రాత్రి హ్యాంగర్‌లో లైట్లు ఆర్పి, పై కౌల్ బిగించి, కింది వైపు నుంచి ఒక బల్బు లోపల పెట్టి ముందు రంధ్రాల్లోంచి చూడండి. ఫిన్‌ల సందుల్లోంచి కాక వేరే ఎక్కడ వెలుతురు కనబడినా అది వృథాగా పోతున్న గాలి. బాఫిల్ మూలలు, క్రాంక్‌కేస్ పక్కన ఉండే సన్నటి సందులు, ముందు ర్యాంపు దగ్గర సిలికోన్ రబ్బరు మడత పడిన చోట్లు, వీటన్నిటినీ అధిక వేడి తట్టే ఆర్‌టీవీ సిలికోన్‌తో మూయాలి. రబ్బరు సీల్ ముందుకి, అంటే ఒత్తిడి ఉన్న వైపుకి, వంగి ఉండాలి. వెనక్కి వంగితే గాలి దాన్ని కౌల్ నుంచి ఊడదీసి తోసుకుపోతుంది.

ఒక్క సిలిండరే మిగతా వాటికన్నా 30 డిగ్రీలు వేడిగా ఉంటే ఫ్లాప్ దాన్ని బాగుచేయదు. ఈ నాలుగు సిలిండర్ల లైకమింగ్‌లో 2వ సిలిండర్ ముందు వైపూ, 3వ సిలిండర్ వెనక వైపూ ఫిన్‌ల లోతు చాలా తక్కువ. బాఫిల్ రేకు అక్కడ హెడ్‌కి అంటుకుంటే గాలి దిగే దారే ఉండదు. బాఫిల్ బిగించే చోట ఒకటో రెండో వాషర్లు వేసి 3 మిల్లీమీటర్లు ఎడం చేసినా తేడా కనబడుతుంది. ఇంధనం సంగతి కూడా చూసుకోండి: 180 హార్స్‌పవర్ ఇంజిన్‌కి సముద్రమట్టానికి దగ్గరగా ఫుల్ పవర్ టేకాఫ్‌లో గంటకి 15 నుంచి 16 గ్యాలన్లు పోవాలి. 13 పోతుంటే లోపం కౌల్‌ది కాదు. ఇగ్నిషన్ టైమింగ్ 25 డిగ్రీల కన్నా ముందుకి జరిగి ఉన్నా హెడ్ వేడెక్కుతుంది.

ఇవన్నీ సరిచేశాక ఒత్తిడి తేడా కొలవండి. దీనికి ప్రత్యేకమైన మీటర్ అక్కర్లేదు, పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ఒకటి చాలు. దాని పిటో (ఎదురుగాలి ఒత్తిడి) గొట్టాన్ని సిలిండర్ల పైభాగానికి, స్టాటిక్ (నిలకడ ఒత్తిడి) గొట్టాన్ని కింది కౌల్‌కి కలపాలి. గొట్టం కొనని తెరిచి వదిలితే గాలి నేరుగా కొట్టి తప్పు చూపిస్తుంది. కొన మూసేసి, చివరి 150 మిల్లీమీటర్ల పొడవునా 1 మిల్లీమీటరు బెజ్జాలు పది పన్నెండు వేయాలి. 100 నాట్లు చూపిస్తే తేడా 6.5 అంగుళాల నీటి మట్టం అని లెక్క, 80 నాట్లు అంటే 4.2. ఈ విమానంలో 110 నాట్ల క్లైంబ్‌లో ఆ ముల్లు 83 దగ్గర నిలబడేది, అంటే సుమారు 4.5 అంగుళాలు. ఫ్లాప్‌లు పూర్తిగా తెరిచాక అదే వేగంలో 93కి, అంటే 5.6 అంగుళాలకి వెళ్లింది. పైన ఒత్తిడి దాదాపు మారలేదు, కింద తగ్గింది. ఫ్లాప్ పని చేస్తోందో లేదో తేల్చేది ఈ కొలతే. థర్మామీటర్ మాత్రం ఆ రోజు ఎండని బట్టి ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంది.

తయారీ

రెండు ఫ్లాప్‌లు. ఒక్కొక్కటి అడ్డంగా 150, పొడవు 125 మిల్లీమీటర్లు. బయటికి పోయే అసలు దారికి అటూ ఇటూ, ఎగ్జాస్ట్ పైపు నుంచి పక్కకి కనీసం 75 మిల్లీమీటర్ల ఎడంలో వేయాలి. ఫ్లాప్ వెనక అంచుకీ కౌల్ వెనక అంచుకీ మధ్య 40 మిల్లీమీటర్ల పట్టీ వదలాలి, ఎందుకంటే కౌల్‌ని ఫైర్‌వాల్‌కి పట్టి ఉంచే హింజ్ ఆ పట్టీ మీదే ఉంటుంది. బందు ఎప్పుడూ ముందు అంచున ఉండాలి. వెనక అంచు కిందికి దిగితే దాని వెనక గాలి పలచబడి లోపలి గాలిని పీల్చుకుంటుంది. బందు వెనక పెడితే ఎదురుగాలి లోపలికి దూరుతుంది, పని తలకిందులు అవుతుంది.

30 డిగ్రీలు తెరిస్తే వెనక అంచు 62 మిల్లీమీటర్లు దిగుతుంది. ఒక్కో ఫ్లాప్‌కి 93 చదరపు సెంటీమీటర్ల దారి వస్తుంది, రెండిటికీ కలిపి 186. ఇంతకన్నా ఎక్కువ తెరిచి చూస్తే 40 డిగ్రీల దగ్గర ఒత్తిడి తేడా అంగుళంలో పదోవంతు కూడా పెరగలేదు, కుదుపు మాత్రం పెరిగింది.

ఫ్లాప్ రేకు 2024-టీ3 ఆల్‌క్లాడ్ అల్యూమినియం, మందం 0.032 అంగుళాలు. లోపలి వైపు 0.025 రేకుతో వంచిన పక్కటెముక ఒకటి. బందుకి ఎంఎస్20001 రకం, అంటే అచ్చు రంధ్రంలోంచి నెట్టి తీసిన (ఎక్స్‌ట్రూడెడ్) పియానో హింజ్ వాడాలి. రేకు చుట్టి చేసిన హింజ్ ఇక్కడి అదురుకి ఆగదు. రివెట్లు ఏఎన్426ఏడీ3. కౌల్ కోసిన చోట తేనెపట్టు కోర్ కనబడుతుంది. దాన్ని అంచు నుంచి 12 మిల్లీమీటర్ల లోతుకి గీకేసి ఎపాక్సీలో పత్తి పీచు కలిపి నింపాలి. ఆ తర్వాత లోపలి వైపు మూడు పొరల ఫైబర్‌గ్లాస్ చట్రం వేయాలి. కోత మూలలు 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. ఇక్కడ ఒక మూల 8 మిల్లీమీటర్లే వచ్చింది, 300 గంటలకి సరిగ్గా ఆ మూల నుంచే పెయింట్‌లో వెంట్రుకంత చీలిక మొదలైంది. చివర 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, లోపలి నుంచి రెండు పొరలు అతికించాక ఆగిపోయింది. గది వేడికే గట్టిపడిన ఎపాక్సీ ఎగ్జాస్ట్ దగ్గర మెత్తబడుతుంది. అందుకే చట్రాన్ని హీట్ గన్‌తో వేడిచేసి ఇంకా గట్టిపరిచి (పోస్ట్‌క్యూర్), పైపుకి ఎదురుగా 0.016 స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టాలి.

కోసేముందు ఇంకొక సలహా. ఒక పక్క మాత్రమే రంధ్రం కోసి, 10, 20, 30 డిగ్రీలకి వంచిన మూడు రేకు మూతలు చేసి ఒక్కోటీ స్క్రూలతో బిగించి ఎగిరి చూడండి. ఒక శనివారం పని. 30 డిగ్రీల మూతతో ఒత్తిడి తేడా పెరగకపోతే మీ కౌల్‌లో ఆ చోటు సరైనది కాదని అర్థం. అప్పుడు ఒక రంధ్రం పూడ్చుకుంటే సరిపోతుంది, లివర్లూ కేబుళ్లూ కట్టాక ఊడదీసే బాధ ఉండదు.

మోటారు ఎందుకు చెడిపోయింది

మొదట వాడింది 12 వోల్టుల చిన్న లీనియర్ యాక్చుయేటర్ (కడ్డీని ముందుకీ వెనక్కీ నెట్టే మోటారు). 50 మిల్లీమీటర్ల స్ట్రోక్, 200 న్యూటన్ల శక్తి, లోపల ప్లాస్టిక్ గేర్లు. దాని కాగితంలోనే పై పరిమితి 50 డిగ్రీల సెల్సియస్ అని ఉంది. ఎగురుతున్నప్పుడు కింది కౌల్‌లో ఆ మాత్రం వేడి తట్టుకుంటుందిలే అనిపిస్తుంది. అసలు వేడి ఇంజిన్ ఆపాక మొదలవుతుంది. గాలి ఆగిపోయి, సిలిండర్ల, ఎగ్జాస్ట్ పైపుల వేడంతా కౌల్‌లో నిలిచిపోతుంది. యాక్చుయేటర్ ఒంటికి రంగు మారే ఉష్ణోగ్రత స్టికర్ అంటించి చూస్తే, బయట 38 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున ఇంజిన్ ఆపిన ఇరవై నిమిషాలకి 93 డిగ్రీల గడి నల్లబడింది. 60 గంటలు దాటాక కదలిక నెమ్మదించింది. 70వ గంటకి గేరు పళ్లు మెత్తబడి జారిపోయాయి, ఫ్లాప్ మూడోవంతు తెరుచుకుని అక్కడే ఉండిపోయింది. ఇంజిన్‌కి హాని లేదు, ఆ ప్రయాణమంతా రెండు నాట్లు తగ్గాయి.

వేడి ఒక్కటే కారణం కాదు. బ్రష్‌లున్న మోటారు లోపల నిప్పురవ్వలు పుడతాయి. ఇంధనం కారితే చేరేది కింది కౌల్ అడుగుకే. ఆ రెండిటినీ ఒక్క చోట పెట్టడం సరికాదు. ఆర్‌సీ సర్వో (రిమోట్ బొమ్మ విమానాల్లో వాడే చిన్న మోటారు) పెట్టినా ఇదే చిక్కు, పైగా రేడియో నొక్కినప్పుడల్లా అది వణుకుతుంది.

బలం లెక్క కూడా వేసి చూసుకోవాలి. 160 నాట్ల దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 4,150 న్యూటన్లు. ఫ్లాప్ వైశాల్యంతో గుణిస్తే ఒక్కోదాని మీద గరిష్ఠంగా 78 న్యూటన్లు. ఆ బలం ఫ్లాప్ మధ్యలో పడుతుంది, మనం లాగే కొమ్ము (ఫ్లాప్‌కి బిగించిన చిన్న చెయ్యి) బందు నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. కాబట్టి కొమ్ము దగ్గర ఒక్కో ఫ్లాప్‌కి 120, రెండిటికీ 240 న్యూటన్లు కావాలి. ఆ యాక్చుయేటర్ శక్తిని మించిపోయింది. అదే 120 నాట్ల దగ్గరైతే రెండిటికీ కలిపి 137 చాలు. అందుకే ప్యానెల్ మీద 120 నాట్లు దాటితే తెరవరాదు అని ప్లకార్డు ఉంది.

కేబుల్ అమరిక

ఇప్పుడున్నది ఇది. ఫైర్‌వాల్ ముందు అడుగున అడ్డంగా అర అంగుళం 4130 స్టీల్ గొట్టం, రెండు చివరలా కంచు బుష్‌లలో తిరుగుతుంది. దాని మీద ఫ్లాప్‌లకి చెరొక 40 మిల్లీమీటర్ల చెయ్యి, కేబుల్‌కి 80 మిల్లీమీటర్ల చెయ్యి వెల్డ్ చేసి ఉన్నాయి. ఫ్లాప్ 30 డిగ్రీలు తెరవాలంటే కొమ్ము 21 మిల్లీమీటర్లు కదలాలి, కేబుల్ 42. కేబుల్ చెయ్యి రెట్టింపు పొడవు కాబట్టి 120 నాట్ల దగ్గర లాగుడు 68 న్యూటన్లు, అంటే 7 కిలోలు, దానికి రాపిడి కలుస్తుంది. ఎడమ చేత్తో సులువుగా లాగొచ్చు. కేబుల్ లోపల ఘనమైన తీగ ఉండి, బొత్తాం నొక్కితే వదిలి, వదిలితే పట్టుకునే తాళం రకం కావాలి. ఫైర్‌వాల్ దాటే చోట స్టీల్ గ్రోమెట్, ఫైర్ బారియర్ సీలెంట్ తప్పనిసరి. కేబుల్ వంపు వ్యాసార్ధం 150 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

జాయింట్లన్నీ లోహపు రాడ్ ఎండ్‌లు, ఏఎన్3 బోల్టులు, క్యాజిల్ నట్, కాటర్ పిన్. రాడ్ ఎండ్ బంతి ఊడినా తీగ జారిపోకుండా ఒక పెద్ద వాషర్ వేయాలి. కింది కౌల్ విప్పాలంటే గొట్టం చేతుల్నీ ఫ్లాప్‌లనీ కలిపే పుష్‌రాడ్‌లు విడదీయాలి కదా, అందుకు ఫ్లాప్ కొమ్ము దగ్గర మాత్రం క్లెవిస్ పిన్ పెట్టడం మంచిది. ఫ్లాప్ పూర్తిగా తెరిస్తే ఆ సందులోంచి రెండు వేళ్లు దూరి పిన్ అందుతుంది. ఎగ్జాస్ట్ పైపులు ఇంజిన్‌తో పాటు స్టార్ట్‌లోనూ ఆపేటప్పుడూ బాగా ఊగుతాయి. దేనికైనా 25 మిల్లీమీటర్ల ఖాళీ వదలకపోతే పుష్‌రాడ్ మీద మెరిసే గీత పడుతుంది.

మూసి ఉన్నప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. లోపలి ఒత్తిడి ఫ్లాప్‌ని బయటికే నెడుతుంది. జాయింట్లలో అర మిల్లీమీటరు లూజున్నా వెనక అంచు ఒకటిన్నర మిల్లీమీటర్లు వేలాడి, గాలికి దడదడలాడుతుంది. ఆ శబ్దం పాదాల కింద సన్నగా వినబడుతుంది. అందుకే కేబుల్ మూత వైపు చివరికి చేరేసరికి ఫ్లాప్ చట్రానికి గట్టిగా బిగిసేలా, ఇంకో 2 మిల్లీమీటర్ల లాగుడు మిగిలేలా సర్దాలి. తెరిచే వైపు లాగే ఒక స్ప్రింగ్ గొట్టం మీద పెడితే లూజు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది, కేబుల్ తెగినా ఫ్లాప్ తెరుచుకునే వైపే పోతుంది.

ఫలితం

అదే 95 డిగ్రీల ఎండ, అదే బరువు, అదే 110 నాట్లు: 3వ సిలిండర్ 428 నుంచి 405కి దిగింది. మిగతావి 18 నుంచి 22 డిగ్రీలు తగ్గాయి. ఆయిల్ 222 నుంచి 214కి వచ్చింది. అంత తక్కువ తగ్గడానికి కారణం ఆయిల్ కూలర్ గాలికి దాని సొంత అడ్డంకులు ఉండటమే. చలికాలంలో ఆయిల్ 180కి చేరక నీటి ఆవిరి పోకపోతే ఈ ఫ్లాప్‌లు మూసినా పెద్ద ఉపయోగం లేదు, కూలర్‌కే వేరే తలుపు పెట్టాలి.

వేగం సంగతిలో చాలామంది మోసపోతారు. ఫ్లాప్‌లు పెట్టినంత మాత్రాన ఒక్క నాటు కూడా పెరగదు. మూసినప్పుడు మునుపటి వేగమే, క్రూజ్‌కి ముందు 115 నాట్ల దగ్గర తెరిచి చూస్తే 3 నాట్లు తగ్గింది. లాభం రావాలంటే క్లైంబ్ కోసమని పెద్దదిగా ఉంచిన అసలు దారిని ఇప్పుడు చిన్నది చేయాలి. అందులో వంపు తిరిగిన రేకు ర్యాంపు పెట్టి ఐదోవంతు మూశాక, 7,500 అడుగుల దగ్గర నాలుగు దిక్కులా జీపీఎస్‌తో కొలిస్తే రెండున్నర నాట్లు పెరిగాయి. క్రూజ్‌లో సిలిండర్ హెడ్ వేడి 364 నుంచి 372కి పెరిగింది, అది సమ్మతమే. ఒకేసారి ఎక్కువ మూయకండి. ఒక్కో మెట్టుకీ ఒత్తిడి కొలత తీసుకోండి.

ముందు అనుకోని మేలు ఇంకొకటి దక్కింది. దిగాక ఫ్లాప్‌లు తెరిచి వదిలితే కింది నుంచి చల్లగాలి లోపలికొచ్చి వేడి పైనుంచి ముందు రంధ్రాల్లోంచి పొయ్యి గొట్టంలోలా పోతుంది. ఇంధనం పోసుకుని అరగంటలో మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు ఇంజెక్షన్ ఇంజిన్ పెట్టే ఆవిరి పేచీ (గొట్టాల్లో ఇంధనం ఆవిరై స్టార్ట్ కాకపోవడం) బాగా తగ్గింది. వాడే క్రమం సులువే: స్టార్ట్ నుంచి క్లైంబ్ అయ్యేవరకు పూర్తిగా తెరిచి, లెవెల్ అయ్యాక హెడ్‌లు 380కి దిగేదాకా ఆగి, సగం, ఆ తర్వాత పూర్తిగా మూయాలి. దిగేటప్పుడు మూసే ఉంచాలి. హెడ్ నిమిషానికి 50 డిగ్రీల కన్నా వేగంగా చల్లబడకూడదన్నది లైకమింగ్ మాట. రన్‌వే వదిలాక మళ్లీ తెరవాలి.

కాగితాల విషయం: ఇది అమెరికా ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఉన్న విమానం. దీన్ని మేజర్ మార్పుగానే తీసుకుని, ఆపరేటింగ్ లిమిటేషన్స్ ప్రకారం ఎఫ్‌ఏఏకి (అక్కడి పౌర విమానయాన సంస్థకి) తెలియజేసి, ప్రయాణికులు లేకుండా 5 గంటలు ఎగిరి, లాగ్‌బుక్‌లో రాయడమైంది. మొత్తం అమరిక బరువు 1.4 కిలోలు, అదంతా ముందు పడుతుంది, కాబట్టి బరువు-బ్యాలెన్స్ కాగితం మార్చాలి. ఆ టెస్టుల్లో కాక్‌పిట్‌లో కార్బన్ మోనాక్సైడ్ మీటర్ తప్పనిసరిగా పెట్టుకోండి. ఫ్లాప్ తెరిస్తే పొట్ట కింద గాలి దారి మారి, ఎగ్జాస్ట్ పొగ వెనక సందుల్లోంచి కాబిన్‌లోకి రావచ్చు. ఇక్కడ ఫ్లాప్ తెరిచినప్పుడు మీటర్ సున్నా నుంచి 9కి వెళ్లింది. కంట్రోల్ స్టిక్ అడుగున, ల్యాండింగ్ గేర్ కాళ్ల దగ్గర ఉన్న సందులు మూశాక మళ్లీ సున్నాకి వచ్చింది.

ప్రతి 50 గంటలకి ఆయిల్ మార్చేటప్పుడు కౌల్ విప్పుతారు కదా, అప్పుడు ఫ్లాప్ వెనక అంచు పట్టుకుని కదిపి చూడండి. అంచు దగ్గర 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే ఏదో అరిగింది. ఎక్కువగా హింజ్ పిన్నే. బందు కళ్ల దగ్గర నల్లటి పొడి పడుతుంటే అల్యూమినియం అరుగుతోందని గుర్తు. 210 గంటలకి ఒకసారి పిన్ మార్చాం, స్టెయిన్‌లెస్‌ది. దానికి నూనె రాయకండి, దుమ్ము పట్టి సానరాయిలా మారి బందుని ఇంకా తొందరగా తినేస్తుంది. పొడి లూబ్రికెంట్ చాలు. పిన్ చివర వంచి వదిలేయకుండా సేఫ్టీ వైర్‌తో కట్టండి, ఎందుకంటే వంచిన చివర అదురుకి మెల్లగా నిటారుగా అవుతుంది.